గోదావరి పిల్లనే, కానీ గోదావరి కథ రాయబుద్ధి కావట్లేదు

చర్చా వేదిక › కథలు › కొత్తగా రాసేవాళ్ళు

చివరిపేజీ | శనివారం రాత్రి 9:50

నమస్కారమండీ. నాకు 17 ఏళ్ళు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇక్కడ మీరందరూ రాసేవి చాలాకాలంగా చదువుతున్నాను, నోరు విప్పడం మాత్రం ఇదే.

చదవడమంటే నాకు పిచ్చి. ఏది దొరికితే అది. అమ్మమ్మ వాళ్ళ అటక మీద చందమామలు, ఊళ్ళో లైబ్రరీలో అట్టలూడిన నవలలు, ఇప్పుడు ఫోన్లో సీరియళ్ళు. బస్సులో చదువుతాను, కరెంటు పోతే చదువుతాను, పెళ్ళిళ్ళకి తీసుకెళ్తే మూలగదిలో దూరి చదివి తిట్లు తింటాను. రాయడం ఎనిమిదో తరగతి నుంచి. రికార్డు బుక్కుల్లో చివరి పేజీలు ఖాళీగా ఉంటాయి కదా, అక్కడ. అందుకే ఈ పేరు.

ఇప్పుడొక నవల మొదలెట్టాను. నీళ్ళ అడుగున ఒక పట్నం, అందులో ఒక అమ్మాయి. మొదటి పేజీలు బాగా చదువుకున్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన చదివి, "గోదావరి గట్టున పుట్టి ఈ నీళ్ళ పట్నాలేంటమ్మా? మన కొబ్బరితోటలు రాయి, మన యాస రాయి. పత్రికలవాళ్ళు కళ్ళకద్దుకుంటారు" అన్నారు.

నాకేమో రాయబుద్ధి కావట్లేదు. గోదావరి కథ అనగానే రేవు, లాంచీ, పులస, పూతరేకులు, వాలుకుర్చీలో తాతగారు, ఆయన వెటకారం. నేను లాంచీ ఎక్కింది పాపికొండల టూర్లో, అదీ టిక్కెట్టు కొనుక్కుని. పులస మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు, దాని రేటు మీకు తెలుసుగా. నేను రోజూ చూసే ఊరు వేరు. అది కూడా ఇప్పుడే రాయాలని లేదు. నాకు నీళ్ళ పట్నమే కావాలి. సొంతూరు రాయకపోతే తప్పాండీ?


కొబ్బరినీళ్ళు | శనివారం రాత్రి 10:15

తప్పని ఎవరంటారు గానీ తల్లీ, ఆ పెద్దాయన చెప్పిన దాంట్లో అర్థం ఉంది. నేను రాజోలు తాలూకావాణ్ణి. ఏళ్ళ తరబడి డాలస్‌లో ఉంటున్నాను. నీళ్ళ అడుగున పట్నాలు, డ్రాగన్లు, మంత్రదండాలు ఇక్కడ ఏ షాపులో అయినా దొరుకుతాయి. మా ఊరి కాలవగట్టు మీద సాయంత్రం ఎలా ఉంటుందో రాసినవాడు దొరకడు.

పాలగుమ్మి పద్మరాజు గారిది ఏ ఊరు? అత్తిలి దగ్గర తిరుపతిపురం. ఆయన 'గాలివాన'కి 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అదీ మన మట్టి బలం. నువ్వు మన నేల మీద నిలబడి రాయి, లోకం నీ దగ్గరికి వస్తుంది.


కథలఫైలు | శనివారం రాత్రి 10:40

కొబ్బరినీళ్ళు గారూ, మీరు 'గాలివాన' మళ్ళీ ఒకసారి చదవండి. అందులో కొబ్బరితోట ఎక్కడుంది? ఒక రైలు, ఒక స్టేషను, వాన, పద్ధతిగా బతికే ఒక పెద్దమనిషి, ఒక ముష్టి ఆవిడ. ఆ గాలీ వానా ఎక్కడైనా వీస్తాయి. మన ఊరివాడు రాశాడు కాబట్టి మన ఊరి కథ అయిపోదు.

ఆ మాటకొస్తే 'బారిష్టర్ పార్వతీశం' సంగతేంటి? మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు పోయిన కథ అది. ఊరు దాటకుండా ఉంటే అసలు ఆ పుస్తకమే లేదు.

అమ్మాయ్, నీ ప్రశ్నకు జవాబు: తప్పు కాదు. నేను ఒక వారపత్రికలో కథల పోటీకి వచ్చిన కట్టలు చాలాకాలం చూశాను. గోదావరి పేరుతో వచ్చిన వాటిలో చాలావరకు ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళు రాసినవే. అవి ఊరి మీద బెంగతో రాసినవి. బెంగ పడడం తప్పేం కాదు, కానీ నీకు బెంగ ఎందుకు? నువ్వు ఊళ్ళోనే ఉన్నావు. వాళ్ళ బెంగని అరువు తెచ్చుకుని రాస్తే రెండో పేరాకే తెలిసిపోతుంది.

సలహాలు అలా ఉంచి, ఆ మొదటి పేజీ నుంచి ఒక పేరా ఇక్కడ పెట్టు. చూడకుండా మాట్లాడడం నాకు చేతకాదు.


కుర్రడిటెక్టివ్ | ఆదివారం ఉదయం 7:05

అక్కా, నేను తణుకు. తొమ్మిదో తరగతి. నేను డిటెక్టివ్ కథలు రాస్తాను. నా హీరో లండన్‌లో ఉంటాడు. మా తెలుగు సారు "నువ్వు తణుకు దాటావురా?" అని అడిగారు. దాటాను, తాడేపల్లిగూడెం వెళ్ళాను.

నాదొక డౌటు. ఎవరో రాసిన కథలో పాత్రని తీసుకుని మనం కొత్త కథ రాయొచ్చా? కేసు పెడతారా?


రెండోకాఫీ | ఆదివారం ఉదయం 8:30

పిల్లలిద్దరూ ఏమీ అనుకోవద్దు, నేనొక తల్లిగా రాస్తున్నాను. మా అమ్మాయిదీ ఇదే వయసు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, తర్వాత ఈఏపీసెట్. రాత్రి ఒంటిగంటకి గదిలో లైటు వెలుగుతుంటే లెక్కలు చేస్తోందని మురిసిపోతాం, తీరా చూస్తే కథ. చదవొద్దని కాదు. ఈ రెండేళ్ళు ఆపుకుంటే తర్వాత జీవితాంతం రాసుకోవచ్చు కదమ్మా? మాకు టెన్షన్ ఉంటుంది.


చివరిపేజీ | ఆదివారం ఉదయం 10:20

ఆంటీ, మా అమ్మ కూడా అచ్చం ఇదే మాట అంటుంది. మీరే మా అమ్మేమో అని ఒక్క క్షణం డౌటొచ్చింది.

ఆపుకోవడం ప్రయత్నించాను. ఫస్టియర్‌లో పరీక్షల ముందు నోటుబుక్కు అమ్మకే ఇచ్చేశాను, బీరువాలో పెట్టి తాళం వేసింది. చేతిలో కాగితం లేకపోయినా కథ ఆగలేదు. బస్సులో నిలబడ్డప్పుడు ఆ అమ్మాయి ఏదో అనేది. కెమిస్ట్రీ క్లాసులో ఇంకేదో అనేది. రాసేస్తే వెళ్ళిపోతుంది, రాయకపోతే నాతోనే ఉంటుంది. రాసుకుని పడుకున్న రోజే మర్నాడు పాఠం వినబడుతుంది నాకు. మార్కులు బాగానే వస్తున్నాయి ఆంటీ, మీరు బాధపడకండి.

కథలఫైలు గారూ, పేరా ఇదిగోండి. చేతులు వణుకుతున్నాయి.

"అదొక అద్భుతమైన, మాయాజాలంతో నిండిన నీటి నగరం. ముత్యాల తోరణాలతో, వెండి గోపురాలతో ఆ నగరం మిలమిలా మెరిసిపోతూ ఉండేది. ఆ నగరంలో నిశ్శబ్దం రాజ్యమేలుతూ ఉండేది. వెన్నెల అనే పదహారేళ్ళ అందమైన అమ్మాయి తన గతాన్ని తలుచుకుంటూ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆ నగరంలో మాట్లాడడం నిషేధం, ఎందుకంటే మాట్లాడితే బుడగలు పైకి వెళ్ళి పైన ఉన్న మనుషులకు తెలిసిపోతుంది."


కథలఫైలు | ఆదివారం ఉదయం 11:10

చేతులు వణకనీ, పర్వాలేదు. ఇప్పుడు నేను చెప్పేది కోపం తెచ్చుకోకుండా విను.

మొదటి నాలుగు వాక్యాలూ తీసేయి. అవి నీవి కావు. ముత్యాల తోరణాలూ వెండి గోపురాలూ నువ్వు అటక మీద చదివిన కథల్లోంచి వచ్చాయి, నిశ్శబ్దం రాజ్యమేలడం నేను చూసిన ప్రతి కట్టలోనూ ఉండేది. పదహారేళ్ళ అమ్మాయికి కూర్చుని తలుచుకోవడానికి అంత గతం ఎక్కడిది?

ఐదో వాక్యం చూడు. మాట్లాడితే బుడగలు పైకి పోయి ఊరు బయటపడిపోతుంది. ఇది నీది. ఇలాంటిది నేనెక్కడా చదవలేదు. కథ మొత్తం ఇందులోనే ఉంది, నువ్వేమో దాన్ని "ఎందుకంటే" అని చివర్న సంజాయిషీగా పెట్టావు. ఇక్కణ్ణుంచి మొదలెట్టు. మాట్లాడకూడని ఊళ్ళో అమ్మ పిల్లని ఎలా తిడుతుంది? పిల్లలు ఎలా ఏడుస్తారు? ఎవరికైనా తుమ్మొస్తే? ఇవన్నీ నీకు తెలియాలి. వెండి గోపురం ఎత్తు నాకక్కర్లేదు.

కుర్రడిటెక్టివ్‌కి: రాసినవాళ్ళు చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ వరకూ హక్కులుంటాయి. మరుసటి ఏడు జనవరి నుంచి లెక్క. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు, అంటే 2022 నుంచి ఆయన రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. హక్కులింకా ఉన్న పాత్రలతో నోటుబుక్కులో ఎంతైనా రాసుకో, అచ్చుకు మాత్రం పంపకు. ఇంకో మాట. కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' 1878 నాటిది, మన మొదటి నవల అని చాలామంది దాన్నే చెప్తారు. ఆయన దానికి ఒక ఇంగ్లీషు నవల నుంచి ఊతం తీసుకున్నారు. కానీ తీసుకొచ్చి రాజమండ్రి మనుషుల్ని కూర్చోబెట్టారు. నీ లండన్ హీరోకి ఆకలేస్తే ఏం తింటాడో నీకు తెలుసా?


కుర్రడిటెక్టివ్ | ఆదివారం ఉదయం 11:25

బ్రెడ్డు.


కార్డుపెట్టె | ఆదివారం మధ్యాహ్నం 3:00

నేను శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. అమ్మాయి అట్టలూడిన నవలలు అన్నదగ్గర ఆగిపోయాను. అట్ట ఊడిందంటే ఎవరో చదివారని. నేను పనిచేసిన చోట్ల కొత్తగా మెరుస్తూ ఉండే పుస్తకాలు ఎవరూ ముట్టుకోనివే.

మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీ ఊరి లైబ్రరీ నడిచేది ఆ పైసల మీదే. కాబట్టి కొత్త పుస్తకాలు కావాలని అడగడానికి మొహమాటపడకు. సలహాల పుస్తకంలో పేర్లు రాసి పెట్టు. నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాలు చేస్తారు, అప్పుడు పిల్లలకి కథల పోటీలు పెట్టమని అడుగు, వ్యాసరచన ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటారు లేకపోతే.

ఈ నేల మీద పుస్తకాలకి పెద్ద చరిత్రే ఉంది. గ్రంథాలయ పితామహుడు అనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టినవారే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఒక్కసారైనా చూడు. పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలవ వెంబడి ఊరూరా తిప్పిన రోజులున్నాయి తెలుసా? 1935లో పాతూరి నాగభూషణం గారు పెట్టారు, అయితే అది కృష్ణా డెల్టాలో. ఆ విషయంలో గుంటూరువాళ్ళు మనకంటే ముందున్నారు, ఒప్పుకోవాలి.

నీ అటక మీద ఇంకేమున్నాయో చెప్పలేదు. చందమామలేనా?


కొబ్బరినీళ్ళు | ఆదివారం మధ్యాహ్నం 3:40

పడవ లైబ్రరీ! చూశావా తల్లీ, ఇది రాయి. పడవ, కాలవ, పుస్తకాలు, పక్కన పులస వండుతున్న వాసన.


ఉప్పుటేరు | ఆదివారం మధ్యాహ్నం 3:52

కాలవలో పులస ఎక్కడ దొరుకుతుందండీ బాబూ? సముద్రం నుంచి వరద నీటికి ఎదురెక్కి గోదాట్లోకి వస్తేనే అది పులస. అదీ యానాం దగ్గర పట్టింది వేరు, ధవళేశ్వరం దాకా ఈదింది వేరు.


కొబ్బరినీళ్ళు | ఆదివారం మధ్యాహ్నం 4:01

యానాం దగ్గర పట్టిందే రుచి. ధవళేశ్వరం పులస అనేది రాజమండ్రివాళ్ళ ప్రచారం.


నిర్వాహకుడు | ఆదివారం మధ్యాహ్నం 4:30

ఆ తర్వాత వచ్చిన పులస పోస్టులన్నీ వంటల విభాగానికి పంపాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పిల్ల ఏదో అడిగింది.


చివరిపేజీ | ఆదివారం రాత్రి 8:15

కార్డుపెట్టె గారూ, చందమామలే కాదండీ. అటక మీద అసలు నిధి వేరే ఉంది. అమ్మమ్మ వారపత్రికల్లో సీరియళ్ళ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టుకునేది. గోధుమరంగు కాగితం అట్ట. లోపల పేజీకి ఒక పక్క సీరియలు, రెండో పక్క సగం వంట, సగం తలనూనె ప్రకటన.

నేను ఎనిమిదో తరగతి సెలవుల్లో ఒక సీరియలు చదువుతున్నాను. మంచి పట్టులో ఉంది. హీరోయిన్ పెట్టె సర్దుకుని గుమ్మం దాకా వచ్చింది. తర్వాతి పేజీ తిప్పితే ఆవిడ ఎవరో ముసలాయనకి మందులు పోస్తోంది. మధ్యలో ఒక వారం లేదు. అమ్మమ్మని అడిగితే, "అది తుపాను వారమే" అంది. 1996 నవంబరు 6 తుపాను. రోడ్లకి అడ్డంగా కొబ్బరిచెట్లు పడిపోయి ఊళ్ళోకి ఏదీ రాలేదట, పత్రిక అసలే రాలేదు. ఇంటిమీద పెంకు లేదు, పత్రిక ఎవడిక్కావాలి అంది. మళ్ళీ తనే, "నాక్కావాలనిపించింది, పైకి అంటే తిడతారని ఊరుకున్నాను" అంది.

ఆ వారం ఏం జరిగిందో నేను రాశాను. ఆవిడ గుమ్మం దగ్గర్నుంచి ముసలాయన మంచం దగ్గరికి ఎలా వెళ్ళిందో. చాలా పేజీలు చింపేశాను. చివరికి కుదిరింది అనిపించాక అమ్మమ్మకి చదివి వినిపించాను. అమ్మమ్మ మొత్తం విని, "ఆ పిల్ల అంత తొందరగా ఒప్పుకోదే" అంది. మళ్ళీ రాశాను. నా మొదటి కథ అదేనండీ. ఇప్పటికీ ఆ కుట్టులోనే, ఆ వారం స్థానంలో నా రూళ్ళ కాగితాలున్నాయి.


కార్డుపెట్టె | ఆదివారం రాత్రి 8:40

ఆ సీరియలు పేరూ పత్రిక పేరూ నాకు మెసేజ్ పెట్టమ్మా. పెద్ద లైబ్రరీల్లో పాత వారపత్రికలు బైండు చేసి ఉంచుతారు. ఆ వారం సంచిక నేను వెతికిస్తాను.


చివరిపేజీ | ఆదివారం రాత్రి 8:44

వద్దండీ, దయచేసి. నాది ఉండనివ్వండి.


రెండోకాఫీ | ఆదివారం రాత్రి 9:10

మీ అమ్మమ్మ గారు ఉన్నారా అమ్మా? ఉంటే నా నమస్కారాలు చెప్పు. మా అమ్మ కూడా అలాగే కుట్టుకునేది, ఇల్లు మారినప్పుడు మేమే పాత పేపర్లవాడికి వేసేశాం. మా అమ్మాయి గది లైటు గురించి ఈ వారం ఏమీ అనను. వచ్చేవారం సంగతి చెప్పలేను.


ఉప్పుటేరు | ఆదివారం రాత్రి 10:05

పులస గొడవలో పడి అసలు సంగతి చెప్పలేదు. మాది తాళ్ళరేవు వైపు. అమ్మాయి నీళ్ళ అడుగున పట్నం అంటే మాకు ఏ డ్రాగనూ గుర్తు రాదు, కోరంగి గుర్తొస్తుంది.

కాకినాడకి ముందు ఈ తీరంలో కోరంగి పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఇక్కణ్ణుంచి బర్మా పోయేవాళ్ళు ఎంతమందంటే అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి తుపాను వచ్చి సముద్రం ఊరి మీద పడింది. రెండో దెబ్బకి ఇక లేవలేదు. 'సైక్లోన్' అనే మాట పుట్టించిన పిడింగ్టన్ అనే కలకత్తా దొర ఈ 1789 కోరంగి తుపాను గురించి రాశాడు. ఇప్పుడక్కడ మీరు చూసేది మడ అడవి, టిక్కెట్టు కౌంటరు, చెక్కవంతెన మీద సెల్ఫీలు. తాళ్ళరేవులో మాత్రం చెక్క పడవలు ఇంకా కడతారు, ఉలి చప్పుడు రోడ్డు మీదకి వినపడుతుంది.

సొంతూరు రాయనంటూనే మన ఊరే రాస్తున్నావేమో చూసుకో. ఆయ్.


చివరిపేజీ | ఆదివారం రాత్రి 10:30

మడ అడవికి స్కూలు పిక్నిక్‌లో వెళ్ళానండీ. అక్కడ ఒక రేవు మునిగిపోయిందని ఎవరూ చెప్పలేదు. పులిహోర పొట్లాలు పంచి, లైన్లో నడవమన్నారు.

కానీ నా పట్నం కోరంగి కాదు. అలా అంటే మళ్ళీ ఎవరో "చారిత్రక నవల రాయి, తేదీలు సరిచూసుకో" అంటారు. నా పట్నం ఎవరి మీదా పడి మునగలేదు. వాళ్ళు కావాలనే కిందికి వెళ్ళారు. ఉలి చప్పుడు మాత్రం తీసుకుంటాను, ఇస్తారా?


ఏరియేటర్ | సోమవారం తెల్లవారుజామున 3:35

నేను రోజూ ఈ టైంకే చదువుతాను, రాసింది లేదు. మాది భీమవరం అవతల. డిగ్రీ అయ్యాక మా బాబాయి వాళ్ళ రొయ్యల చెరువుల మీద ఉంటున్నాను. వెనామీ రకం రొయ్య. రాత్రి కాపలా నాది. గట్టు మీద పాక, మడతమంచం, దోమతెర, ఫోను. ఈ వేదికలో కథలన్నీ ఆ మంచం మీదే చదివాను.

మీరు కాలవగట్టు సాయంత్రాలు అంటుంటే నాకు నవ్వొస్తుంది. మా ఊరి రాత్రి ఎవరూ రాయలేదు. చెరువు నిండా ఏరియేటర్లు, అంటే నీళ్ళలోకి గాలి కొట్టే చక్రాలు, తిరుగుతుంటాయి. తెల్లగా నురగ లేస్తుంది. ఆ చప్పుడుకి అలవాటు పడితే చప్పుడే వినపడదు. నవల్లో మంచి ఘట్టంలో ఉంటాను, ఉన్నట్టుండి చెవులు గుయ్యిమంటాయి. ఏంటా అని చూస్తే చక్రాలు ఆగిపోయాయి, కరెంటు పోయింది. పుస్తకంలో ఎవడు ఎవణ్ణి పొడుస్తున్నా అక్కడ వదిలేసి జనరేటర్ దగ్గరికి పరిగెత్తడమే. చెప్పులు వేసుకునే టైం కూడా ఉండదు.

ఇదిగో ఇప్పటి టైం చాలా చెడ్డది. తెల్లారేముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఇప్పుడు చక్రం ఆగితే రొయ్య పైకి తేలుతుంది. టార్చి కొడితే నీళ్ళ మీద ఎర్రటి కళ్ళు. వందలు కాదు, ఇక లెక్క ఉండదు. అన్నీ మనవైపే చూస్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను టార్చి ఆర్పేశాను.

సరే, రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిసే చెక్ ట్రే చూడాలి. వెళ్తున్నా.


కథలఫైలు | సోమవారం ఉదయం 6:50

ఏరియేటర్ గారూ, "రాసింది లేదు" అని మొదలెట్టి ఇదేం పని? టార్చి ఆర్పేశాను అన్న వాక్యం దగ్గర నేను కాఫీ కింద పెట్టేశాను. దీన్ని పెంచి కథ చేయండి. నేను ముందు చదువుతాను.


కొబ్బరినీళ్ళు | సోమవారం ఉదయం 7:20

మా ఊళ్ళో కూడా వరి తీసేసి చెరువులు తవ్వారని మా అన్నయ్య చెప్తూనే ఉన్నాడు. నేను వినదల్చుకోలేదు. ఈ ఏరియేటర్ అబ్బాయి రాసింది రెండుసార్లు చదివాను. నాకు నచ్చిందని చెప్పలేను, చదివినప్పటి నుంచి వదలడం లేదు.


చివరిపేజీ | సోమవారం రాత్రి 9:30

ఏరియేటర్ గారూ, మీ చక్రాలు నాకు కావాలి. మీ కళ్ళు తీసుకోను, అవి మీ కథకి. చక్రాలు ఒక్కటీ ఇవ్వండి.

కాలేజీ బస్సులో నిలబడి ఫోన్లో కొట్టాను. ముత్యాలు, గోపురాలు, వెన్నెల అన్నీ తీసేశాను.

"మా పట్నంలో ఎవరూ నోరు తెరవరు. తెరిస్తే బుడగ వస్తుంది. బుడగ పైకి పోతుంది. పైన ఎవరైనా చూస్తారు. నన్ను తిట్టాలన్నా మా అమ్మ పలక మీదే రాస్తుంది. కోపం పెరిగేకొద్దీ అక్షరాలు పెద్దవవుతాయి. ఒక్కోసారి ఒక్క తిట్టే పలకంతా పడుతుంది.

రాత్రిళ్ళు పైన చక్రాలు తిరుగుతాయి. అవి ఎవరు తిప్పుతారో మాకు తెలీదు. తిరుగుతున్నంతసేపు పైన నురగ ఉంటుంది, ఆ నురగలో మా బుడగలు కలిసిపోతాయి. అందుకని పగలంతా మాటలు దాచుకుని రాత్రే మాట్లాడుకుంటాం. అప్పులు అడిగేదీ రాత్రే, పెళ్ళిళ్ళు కుదిరేదీ రాత్రే. మా అమ్మ నన్ను కన్నదీ రాత్రే, లేకపోతే అరవడానికి ఉండేది కాదంది.

ఆ రోజు రాత్రి చక్రాలు ఆగిపోయాయి. వీధిలో అందరూ మాట మధ్యలో ఉన్నారు."


కుర్రడిటెక్టివ్ | సోమవారం రాత్రి 9:55

అక్కా సూపర్. కానీ నీళ్ళలో పలక పనిచెయ్యదు. నేను ఇప్పుడే బకెట్లో ముంచి బలపంతో రాసి చూశాను. గీత పడింది గానీ తడి మీద కనపడలేదు. బయటికి తీసి ఆరాక కనపడింది. అమ్మ బకెట్ అడుగుతోంది, మళ్ళీ వస్తాను.


చివరిపేజీ | సోమవారం రాత్రి 10:10

డిటెక్టివ్ అనిపించావురా తమ్ముడూ. పలక తీసేసి తాటాకు పెడుతున్నాను, గంటంతో గీకితే నీళ్ళలో కూడా చేతికి తెలుస్తుంది కదా. కోపం ఎక్కువైతే ఆకు చిరిగిపోతుంది. ఇదే బాగుంది.


కథలఫైలు | సోమవారం రాత్రి 10:25

చాలా బాగుంది. "అరవడానికి ఉండేది కాదంది" దగ్గర ఎవరు ఎవరితో అన్నారో ఒక్క క్షణం తడబాటుగా ఉంది, చూసుకో. "అవి ఎవరు తిప్పుతారో మాకు తెలీదు" అనేది కొట్టెయ్యకు, ఎవరైనా కొట్టెయ్యమన్నా సరే.

ఇది నవల కాబట్టి ఇప్పుడే ఎక్కడికీ పంపకు. ఇందులోంచి ఒక చిన్న కథ విడిగా వస్తే అప్పుడు పంపు. యూనికోడ్‌లో టైపు చెయ్యి, వాళ్ళు చెప్పిన పదాల పరిమితి దాటకు, ఇది నా సొంతం, అనువాదం అనుకరణ కాదు, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు అని హామీపత్రం జతచెయ్యి. ఇక్కడ పెట్టిన పేరాలు తర్వాత తీసేయమని నిర్వాహకుణ్ణి అడుగు. కొన్ని పత్రికలు బ్లాగులో పెట్టినా అచ్చయినట్టే లెక్కేస్తాయి.

ఆ పెద్దాయనకి మళ్ళీ చూపించాలా వద్దా అనేది నీ ఇష్టం.


చివరిపేజీ | సోమవారం రాత్రి 10:40

చూపిస్తాను. ఆయన మంచివారేనండీ, కొబ్బరితోట ఎక్కడుంది అని మాత్రం అడుగుతారు.

రెండో అధ్యాయం పరీక్షలయ్యాకే, అమ్మకి మాటిచ్చాను. దానికి ముందు ఒక్కటి తెలియాలి. ఏరియేటర్ గారూ, కరెంటు పోయిన దగ్గర్నుంచి మళ్ళీ చక్రాలు తిరిగే దాకా ఎంతసేపు పడుతుంది? నా వీధిలో అందరూ నోరు తెరిచి ఆగి ఉన్నారు.


ఏరియేటర్ | మంగళవారం తెల్లవారుజామున 2:50

చక్రాలు తీసుకోండి, మీవే. జనరేటర్ మంచి మూడ్‌లో ఉంటే మూడు నాలుగు నిమిషాలు. బ్యాటరీ డౌన్ అయితే పక్క చెరువు వాళ్ళని లేపాలి, అప్పుడు చెప్పలేం. రొయ్య పలచగా ఉంటే కాసేపు ఓర్చుకుంటుంది, ఒత్తుగా వేసిన చెరువులో అంత టైం ఇవ్వదు. ఇంకో సంగతి, కరెంటు వచ్చాక అన్ని చక్రాలూ ఒకేసారి వెయ్యం, లోడు పడుతుందని ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోతాం. కాబట్టి మీ పట్నంలో ముందు ఒక వీధికి మాటలొస్తాయి, చివరి వీధివాళ్ళు ఇంకాసేపు ఆగాలి.